సంపూర్ణ సూర్యగ్రహణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2027 ఆగస్టు 2, సోమవారం, అంటే ప్లవంగ నామ సంవత్సర ఆషాఢ అమావాస్య నాడు, సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడుతుంది. అట్లాంటిక్ సముద్రంలో మొదలయ్యే చంద్రుడి నీడ స్పెయిన్ దక్షిణపు కొసను తాకి, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టుల మీదుగా ఎర్రసముద్రం దాటి సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాలకు చేరి, చివరకు హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. దీన్ని చూడడానికి ప్రయాణం కట్టాలనుకునేవారూ, అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నవారూ, ఇంట్లో పెద్దల అభ్యంతరాలతో సతమతమవుతున్నవారూ అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులం. 2009 జూలైలో సంపూర్ణ గ్రహణం చూద్దామని బీహార్ దాకా వెళ్ళి, మబ్బులు మాత్రమే చూసి తిరిగి వచ్చాము. ఈసారి ఈజిప్టు వెళ్ళాలని మా కోరిక. అయితే ఇక్కడ కూడా ఆ సాయంత్రం పాక్షికంగా కనిపిస్తుందని, అంత ఖర్చు దండగని పిల్లలు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెళ్ళగలిగిన ఆరోగ్యమూ, స్తోమతూ ఉంటే వెళ్ళండి. పాక్షిక గ్రహణానికీ సంపూర్ణ గ్రహణానికీ ఉన్న తేడా కొలతలో తేడా కాదు, అవి రెండు వేరువేరు దృశ్యాలు. సూర్యబింబంలో 99 శాతం మూసుకుపోయినా మిగిలిన ఆ ఒక్క శాతం వెలుగు పున్నమి చంద్రుడికి కొన్ని వేల రెట్లు ఉంటుంది. ఆకాశం కొంచెం మసకబారుతుందే తప్ప కరోనా కనిపించదు, నక్షత్రాలు రావు, పగలు పగలుగానే ఉంటుంది. ఆ చివరి ఒక్క శాతం కూడా మూసుకుపోయినప్పుడే, అంతవరకూ సూర్యకాంతిలో కలిసిపోయి ఉన్న కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, నల్లని బింబం చుట్టూ తెల్లని రేకల్లా విచ్చుకుంటుంది. కాబట్టి మీ పిల్లలు చెబుతున్నది నిజమే అయినా, మీరు చూడాలనుకుంటున్నది మన ఊళ్ళో కనిపించదు.

మీకు సంతోషం కలిగించే విషయం మరొకటి ఉంది. 2027 గ్రహణం, మీరు బీహార్‌లో పోగొట్టుకున్న 2009 గ్రహణానికి తోబుట్టువే. రెండూ 136వ సారోస్ శ్రేణికి చెందినవి. ఒక శ్రేణిలోని గ్రహణాలు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు ఒకసారి వస్తాయి. ఆ అదనపు 8 గంటల్లో భూమి మూడో వంతు అదనంగా తిరుగుతుంది కనుక ప్రతిసారీ నీడ ఇంచుమించు అంత దూరం పడమటికి జరుగుతుంది. సూరత్, వారణాసి, పట్నాల మీదుగా చైనాకూ పసిఫిక్ సముద్రానికీ పోయిన నీడ ఈసారి ఆఫ్రికా మీద పడడానికి కారణం అదే. 2009లో సంపూర్ణ దశ గరిష్ఠంగా 6 నిమిషాల 39 సెకన్లు ఉండగా, 2027లో అది 6 నిమిషాల 23 సెకన్లు ఉంటుంది. ఈ శతాబ్దంలో ఇక మిగిలిన సంపూర్ణ గ్రహణాల్లో ఇంత సుదీర్ఘమైనది మరొకటి లేదు.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి: నీడ దారిలో ఆ చోటు మధ్యగా ఉందా, ఆ నెలలో ఆకాశం ఎలా ఉంటుంది, ఆ సమయానికి సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడు. నైలు నది ఒడ్డున ఉన్న లక్సర్ నగరం మొదటి రెండింటిలోనూ ఎంతో అనుకూలమైనది. గరిష్ఠ వ్యవధి కలిగిన బిందువు ఆ నగరానికి దగ్గరలోనే ఉంది, ఆగస్టులో అక్కడ మబ్బు కనిపించడం అరుదు. 2009లో మిమ్మల్ని ముంచింది జూలై మాసపు నైరుతి ఋతుపవనాలు. ఎడారి దేశంలో ఆ బెడద లేదు. ఇబ్బందల్లా మూడో సంగతితోనే. సంపూర్ణ దశ అక్కడి కాలమానంలో మధ్యాహ్నం ఒంటి గంట దాటగానే మొదలవుతుంది. అప్పటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అంతకు ముందు గంటన్నర పాటు పాక్షిక దశ నడుస్తుంది, ఎండ నలభై డిగ్రీలు దాటవచ్చు. తల వెనక్కి వాల్చి అంతసేపు పైకి చూడడం మీ వయసువారికి మెడనొప్పి తెచ్చిపెడుతుంది కనుక వెల్లకిలా పడుకోవడానికి చాపో, వాలు కుర్చీయో ఉండేలా చూసుకోండి. పాక్షిక దశ అంతా ఆపకుండా చూడవలసిన పని లేదు. నీడపట్టున కూర్చుని, పది నిమిషాలకొకసారి కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చూసి మళ్ళీ నీడలోకి వెళ్ళడం మంచి పద్ధతి. మంచినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, గొడుగు, తడి తువ్వాలు వెంట ఉండాలి. రక్తపోటుకు మందులు వాడుతున్నట్లయితే అంత ఎండలో ఎలా వాడుకోవాలో బయలుదేరే ముందే వైద్యుడిని అడగండి.

లక్సర్‌లో గదులు ఇటువంటి గ్రహణాలకు ఏళ్ళ ముందే నిండిపోతాయి. టూర్ సంస్థతో వెళ్ళదలిస్తే, గ్రహణ సమయానికి ఏ చోట నిలబెడతారో, అక్కడ నీడ, మరుగుదొడ్లు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ‘గ్రహణ యాత్ర’ అని పేరు పెట్టి, ఆ మధ్యాహ్నం కైరోలో ఉంచే టూర్ కూడా ఉండవచ్చు. కైరో సంపూర్ణ దశ దారిలో లేదు.

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లా నుంచి వచ్చి జెద్దాలో పని చేస్తున్నాను. మా క్యాంపులో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మాకు ఇక్కడే సంపూర్ణ గ్రహణం కనిపిస్తుందని విన్నాము, నిజమేనా? రియాద్‌లో, దమ్మామ్‌లో ఉన్న మా ఊరివాళ్ళకు కూడా కనిపిస్తుందా?
— ఒక పాఠకుడు, జెద్దా

జవాబు: నిజమే. లక్షలు ఖర్చు పెట్టి ఇతరులు వెతుక్కుంటూ వచ్చే దృశ్యం మీ క్యాంపు మిద్దె మీదికే వస్తున్నది. జెద్దాలో సంపూర్ణ దశ ఇంచుమించు ఆరు నిమిషాలు, మక్కాలో అయిదు నిమిషాలకు పైగా ఉంటుంది. మీ ఊళ్ళో అది మధ్యాహ్నం ఒంటి గంటన్నరకు కాస్త ముందు వస్తుంది. రియాద్, దమ్మామ్, మదీనా, దుబాయ్, దోహా, కువైట్ అన్నీ నీడ దారికి వెలుపలే ఉన్నాయి. అక్కడివారికి పాక్షిక గ్రహణమే. వీలైతే వాళ్ళనే ఒక రోజు ముందుగా మీ దగ్గరకు రమ్మనండి.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఈ గ్రహణం సరిగ్గా ఆ విరామంలోకే వస్తుంది కనుక బయట పనిచేసేవారు యజమానితో గొడవ పెట్టుకోనవసరం లేదు. లోపల పనిచేసేవారు, డ్రైవర్లు, దుకాణాల్లో ఉండేవారు మాత్రం ఒక్క పావుగంట సెలవు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. డ్రైవింగ్‌లో ఉన్నవారు సంపూర్ణ దశకు కనీసం అరగంట ముందే బండిని రోడ్డు మీద నుంచి తప్పించి పార్కింగులో పెట్టుకోవాలి. హఠాత్తుగా చీకటి పడే ఆ నిమిషాల్లో హైవే పక్కన బండి ఆపి దిగడం గ్రహణం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరమైన పని.

కళ్ళద్దాలు సమయానికి అక్కడ దొరుకుతాయో లేదో అన్న అనుమానం పెట్టుకోకుండా, సెలవుకు ఇంటికి వచ్చినప్పుడే క్యాంపుకు సరిపడా తీసుకువెళ్ళండి. ఒక్క జతను నలుగురు మార్చుకుని చూసుకోవచ్చు, పాక్షిక దశ తీరికగా సాగుతుంది కనుక ఇబ్బంది ఉండదు. జెద్దా ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. మిద్దె మీద ఇనుప రేకులు, నీళ్ళ ట్యాంకులు కాలిపోతుంటాయి కాబట్టి చెప్పులు లేకుండా ఎక్కవద్దు.

ప్రశ్న: ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారు. పాత ఎక్స్‌రే ఫిల్ములు రెండు పొరలుగా పెట్టి చూడవచ్చని మా మామగారు అంటారు. ఆయన చిన్నప్పుడు పసుపు నీళ్ళ పళ్ళెంలో చూసేవారట. ఆన్‌లైన్‌లో అమ్మే అట్ట కళ్ళద్దాలను నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎక్స్‌రే ఫిల్ము వద్దు, మసి పట్టించిన గాజు వద్దు, సీడీ వద్దు, ఎంత నల్లని కూలింగ్ గ్లాసులైనా వద్దు. ఇవన్నీ కంటికి కనిపించే వెలుగును కొంత తగ్గిస్తాయి కనుక చూసేవారికి హాయిగానే అనిపిస్తుంది. ప్రమాదమంతా ఆ హాయిలోనే ఉంది. రెటీనాకు, అంటే కంటి వెనుక తెరకు, నొప్పి తెలియదు. భూతద్దం ఎండను కాగితం మీద కూడదీసినట్లే కంటిలోని కటకం సూర్యకాంతిని ఆ తెర మధ్యభాగాన కూడదీస్తుంది. అక్కడి కణాలు దెబ్బతింటున్నా మంట గానీ, నీరు కారడం గానీ ఉండదు. కొన్ని గంటల తర్వాత, చాలామందికి మర్నాడు ఉదయం, చదవబోతే అక్షరాల నడుమ ఒక మచ్చ, ఎదుటివారి ముఖంలో సరిగ్గా ముక్కు ఉండవలసిన చోట ఒక ఖాళీ కనిపిస్తాయి. దీనికి రుజువైన చికిత్స లేదు. కొందరికి నెలల మీద కొంత తగ్గుతుంది, కొందరికి ఆ మచ్చ ఎప్పటికీ నిలిచిపోతుంది. పిల్లల కంటిలోని కటకం పెద్దలకన్నా స్వచ్ఛంగా ఉండి ఎక్కువ కాంతిని లోపలికి పంపుతుంది కనుక వాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

పసుపు నీళ్ళ పళ్ళెంలో కనిపించేది నీటి మీద ప్రతిఫలించిన సూర్యుడే. ఎండలో తళుక్కుమనే ఆ ప్రతిబింబం నేరుగా చూసిన సూర్యుడి కన్నా మందమే అయినా, కంటికి క్షేమమైనంత మందం మాత్రం కాదు. మీ మామగారి తరంలో చాలామందికి ఏమీ కాలేదంటే వాళ్ళు ఒక్క క్షణం చూసి తల తిప్పుకొని ఉంటారు. పిల్లలు అలా తిప్పుకోరు.

కొనవలసిన కళ్ళద్దాల మీద ఐ.ఎస్.ఓ. 12312-2 అన్న ప్రమాణం, తయారు చేసిన సంస్థ పేరు, చిరునామా ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం వాటి గుండా పోయే వెలుగు మొత్తంలో 0.0032 శాతాన్ని మించకూడదు. అచ్చు వేయడం ఎవరికైనా తేలికే కాబట్టి ఆ అంకె ఒక్కటీ చూసి నమ్మకండి. ప్లానెటేరియంలు, కళాశాలల భౌతికశాస్త్ర విభాగాలు, సైన్స్ సంఘాలు ఎక్కడి నుంచి తెప్పించుకుంటున్నాయో అడిగి అక్కడి నుంచే తెప్పించుకోవడం నయం. వచ్చాక ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. అవి పెట్టుకుని గదిలో తిరిగితే గోడలు, కిటికీ, మనుషులు ఏమీ కనిపించకూడదు. చాలా ప్రకాశవంతమైన బల్బు మాత్రం దగ్గర నుంచి అతి మసకగా కనిపిస్తే కనిపించవచ్చు. ట్యూబులైటు కింద సోఫా అంచు కనిపించిందంటే వాటిని కత్తిరించి చెత్తబుట్టలో వేయండి, ఎవరికీ ఇవ్వకండి. ఆ తర్వాత బల్బుకు ఎదురుగా పట్టుకుని సూది మొనంత చిల్లులు, గీతలు, అట్ట నుంచి ఊడిన అంచులు ఉన్నాయేమో వెతకండి. ఇటువంటి లోపాలేవీ లేకపోతే పాత గ్రహణానికి కొన్నవి కూడా పనికివస్తాయి.

వెల్డింగు దుకాణంలోని గాజు పనికిరాదని కాదు. 12 నుంచి 14 వరకు షేడ్ సంఖ్య, అంటే గాజు ఎంత నల్లనిదో చెప్పే సంఖ్య, ఉన్నదైతే సరిపోతుంది. కానీ మన వీధుల్లో మామూలుగా వాడే వెల్డింగు గాజు అంతకన్నా తక్కువ సంఖ్యదే అయి ఉంటుంది, దాని మీద సంఖ్య అరిగిపోయి కూడా ఉంటుంది. సంఖ్య చదవలేకపోతే వదిలేయండి.

ప్రశ్న: సంపూర్ణ దశలో కళ్ళద్దాలు తీసి చూడవచ్చని ఒకరంటే, ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదని మరొకరంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మొదటివారి మాటే నిజం, అయితే అందులో వాళ్ళు చెప్పకుండా వదిలేసిన షరతులు ఉన్నాయి. ప్రయాణం, గది, కళ్ళద్దాలు అన్నీ సమకూరాక కూడా, ఎప్పుడు తీయాలో ఎప్పుడు పెట్టుకోవాలో తెలియకపోవడం వల్ల చూపు పోగొట్టుకోవడమో, దృశ్యాన్ని పోగొట్టుకోవడమో జరుగుతుంది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాము.

పంచాంగంలో స్పర్శ కాలం, నిమీలన కాలం, మధ్య కాలం, ఉన్మీలన కాలం, మోక్ష కాలం అని అయిదు ఘట్టాలు వేస్తారు. స్పర్శ నుంచి నిమీలనం వరకూ, ఉన్మీలనం నుంచి మోక్షం వరకూ జరిగేది పాక్షిక దశ. ఆ రెండు ఖండాల్లో కళ్ళద్దాలు లేకుండా ఒక్క క్షణం కూడా సూర్యుడి వైపు చూడకూడదు. నిమీలనానికీ ఉన్మీలనానికీ నడుమ ఉన్నదే సంపూర్ణ దశ. అప్పుడు సూర్యబింబం పూర్తిగా చంద్రుడి వెనుక ఉంటుంది. బయట కనిపించే కరోనా వెలుగు ఇంచుమించు పున్నమి చంద్రుడంతే. దాన్ని ఉత్త కళ్ళతో చూడడం క్షేమమే. అంతే కాదు, కళ్ళద్దాలు ఉంటే అది కనిపించనే కనిపించదు. భయపడి కళ్ళద్దాలు తీయనివారు అంత దూరం వెళ్ళి ఆరు నిమిషాల పాటు నల్లని ప్లాస్టిక్కును చూసి తిరిగి వస్తారు.

ఆ క్షణం వచ్చిందని ఎలా తెలుస్తుంది? సంపూర్ణ దశకు పావుగంట ముందు నుంచే ఎండ రంగు మారుతుంది. సాయంకాలపు ఎరుపు కాదది, వెలిసిన ఉక్కు రంగు. నీడల అంచులు పదునెక్కుతాయి, చేతి మీది రోమాల నీడ కూడా విడివిడిగా కనిపిస్తుంది. గాలి చల్లబడుతుంది. కళ్ళద్దాల్లో నెలవంక సన్నని గీతగా మారి, చివరి క్షణాల్లో ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. చంద్రుడి అంచున ఉన్న లోయల గుండా వచ్చే ఆ వెలుగు చుక్కలనే బెయిలీ పూసలు అంటారు. పూసలు ఒక్కొక్కటే ఆరి, చివరికి ఒకే చుక్క మిగులుతుంది. ఉంగరానికి పొదిగిన వజ్రంలా మెరిసే ఆ దృశ్యాన్నే వజ్రపుటుంగరం అంటారు. ఆ చుక్క కూడా ఆరిపోయి, కళ్ళద్దాల్లో ఏమీ కనిపించకుండా పోయినప్పుడు తీయండి. వజ్రపుటుంగరాన్ని ఉత్త కళ్ళతో చూడాలన్న ఆశతో రెండు సెకన్లు ముందు తీసేవారు చాలామంది ఉన్నారు. అలా తీయమని మేము సలహా ఇవ్వము.

ఇక్కడ రెండు పొరపాట్లకు ఆస్కారం ఉంది. ఒకటి, మబ్బు అడ్డం వచ్చినా కళ్ళద్దాల్లో ఏమీ కనిపించదు, దాన్ని సంపూర్ణ దశ అనుకొని తీస్తే ప్రమాదం. చుట్టూ చీకటి పడిందా, పక్కవారు ఒక్కసారిగా కేక పెట్టారా, లెక్క ప్రకారం సమయమైందా అన్నది కూడా చూసుకోవాలి. రెండు, మీరు నిలబడిన చోటు నీడ దారిలో నిజంగా ఉండాలి. దారి వెడల్పు లక్సర్ ప్రాంతంలో దాదాపు 258 కిలోమీటర్లు. దానికి వెలుపల, కిలోమీటరు దూరంలో ఉన్నా సరే, తీసే క్షణమన్నదే రాదు. కంకణ గ్రహణం సంగతీ అంతే. 2010 జనవరి 15న ధనుష్కోడిలోనూ, 2019 డిసెంబరు 26న ఉత్తర కేరళలోనూ కనిపించినది ఉంగరం వంటి సూర్యుడే గనుక మొదటి నుంచి చివరి వరకు కళ్ళద్దాలు ఉండవలసిందే. ఆ గ్రహణాలు చూసినవారి అనుభవం దీనికి వర్తించదు.

తిరిగి పెట్టుకునే సమయం ఇంతకన్నా ముఖ్యమైనది. అప్పటికి కళ్ళు చీకటికి అలవాటుపడి ఉంటాయి, కంటిపాప విచ్చుకొని ఉంటుంది, మనసు దృశ్యంలో ఉంటుంది. మీరున్న చోట సంపూర్ణ దశ ఎంతసేపో ముందే తెలుసుకొని, అంతకు అర నిమిషం ముందు మోగేలా ఫోనులో అలారం పెట్టుకోండి. చంద్రుడి పడమటి అంచున ఎర్రని సన్నగీత మొదలై వెడల్పవుతుంటే ఇక సమయం అయిపోయిందని అర్థం. తొలి వెలుగు చుక్క కనిపించగానే తల దించి, కళ్ళద్దాలు పెట్టుకుని, అప్పుడు మళ్ళీ తలెత్తాలి. పిల్లలు వెంట ఉంటే ఇంటి దగ్గరే ‘పెట్టుకో, తియ్యి, పెట్టుకో’ అని నాలుగైదు సార్లు సాధన చేయించండి.

ప్రశ్న: నాకు నిరుడు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను జరిగింది, పవర్ అద్దాలు కూడా ఉన్నాయి. నేను చూడవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చూడవచ్చు. పవర్ అద్దాలు పెట్టుకుని, వాటి పైన గ్రహణపు కళ్ళద్దాలు పెట్టుకోండి. అట్టవి జారిపోతుంటే చేత్తో పట్టుకోవడమే మేలు. లోపల అమర్చిన కృత్రిమ కటకం అతినీలలోహిత కిరణాలను ఆపుతుందన్న ధైర్యంతో ఉత్త కళ్ళతో చూడకండి, దెబ్బ తీసేది ఆ కిరణాలు మాత్రమే కాదు. మధుమేహం వల్ల రెటీనా ఇప్పటికే దెబ్బతిన్నవారు ముందుగా కంటి వైద్యుడిని కలవాలి.

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాను. పెద్ద టెలిఫొటో లెన్సు ఉంది. లెన్సులోకి వచ్చే వెలుగును తగ్గించే ఎన్.డి. ఫిల్టరు పెట్టి గ్రహణం తీయవచ్చా? కళ్ళకు గ్రహణపు అద్దాలు పెట్టుకుని వ్యూఫైండర్‌లో చూస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సరిపోకపోవడమే కాదు, అంతకన్నా ప్రమాదకరమైన పద్ధతి మరొకటి లేదు. లెన్సు కూడదీసిన వెలుగు వ్యూఫైండర్ గుండా వచ్చి కళ్ళద్దాల పలుచని పొరను క్షణాల్లో కరిగించి కంటిలోకి పోతుంది. బైనాక్యులర్లకు, టెలిస్కోపుకు కూడా ఇదే వర్తిస్తుంది. సూర్యుడి కోసమే తయారైన ఫిల్టరు లెన్సు ముందు భాగాన, గాలికి ఊడిపోకుండా బిగించి ఉండాలి. మామూలు ఎన్.డి. ఫిల్టర్లు కంటిని కాపాడడానికి తయారైనవి కావు. ఫిల్టరు బిగించాక కూడా వ్యూఫైండర్‌కు బదులు తెర మీద చూసి తీయండి. సంపూర్ణ దశలో ఫిల్టరు తీసి తీయాలి, తర్వాత వెంటనే బిగించాలి.

అయితే ఒక మాట. మొదటిసారి చూస్తున్నట్లయితే కెమెరా వదిలేయండి. ఆరు నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఎక్స్‌పోజరు సరిచేసుకోవడంతోనే పోతాయి, అంతకన్నా మంచి ఫొటోలు మర్నాడు ఎలాగూ పత్రికల్లో వస్తాయి. ఫోనును స్టాండు మీద పెట్టి, మీ బృందమూ ఆకాశమూ కలిసి పడేలా వీడియో నడుపుకోండి. చీకటి వచ్చి పడడం, మనుషుల కేకలు, పక్షులు గూళ్ళకు మళ్ళడం అందులో వస్తాయి. ఫ్లాష్ మాత్రం ఆపేయండి, లేకపోతే పక్కవారు ఊరుకోరు.

ప్రశ్న: గ్రహణ సమయంలో గర్భిణులు బయటికి రాకూడదని, కత్తిపీట ముట్టుకోకూడదని, ముట్టుకుంటే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మా అత్తగారు పట్టుబడతారు. వండిన అన్నం పారబోయిస్తారు. ఆమెను నొప్పించకుండా ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: గ్రహణ సమయంలో సూర్యుడి నుంచి కొత్తగా వచ్చే కిరణమేదీ లేదు. రోజూ వచ్చే కిరణాల్లోనే కొన్ని ఆగిపోతాయి, అంతే. పెదవి మొర్రికి వంశపారంపర్యం, గర్భం తొలి వారాల్లో పోషక లోపం, కొన్ని మందులు, పొగ వంటివి కారణాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. గ్రహణం ఛాయ కూడా పడని దేశాల్లోనూ అటువంటి బిడ్డలు పుడుతున్నారు, దాన్ని శస్త్రచికిత్సతో చక్కగా సరిచేస్తున్నారు. గర్భిణికి నిజంగా హాని చేసేవి గంటల తరబడి నీళ్ళు కూడా తాగకుండా, గాలి ఆడని గదిలో కదలకుండా పడుకోవడమే. మీ అత్తగారి మనసు నొప్పించడం ఇష్టం లేకపోతే, బయటికి వెళ్ళే విషయంలో పట్టుదల మానుకుని, నీళ్ళు, ఆహారం, మందుల విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. వైద్యురాలి చేత ఒక మాట చెప్పిస్తే ఇంకా తేలిక. అన్నం మీద దర్భ వేసుకుంటే వేసుకోనివ్వండి, పారబోయనివ్వకండి.

మీ జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సంపూర్ణ గ్రహణపు నీడ కర్ణాటక నుంచి తెలంగాణ మీదుగా ఒడిశా వైపు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉండడంతో శాస్త్రజ్ఞులు అక్కడికి తరలివచ్చారు. జనం మాత్రం చాలామటుకు తలుపులు బిగించుకుని ఇళ్ళలోనే ఉండిపోయారు, బజార్లు నిర్మానుష్యమయ్యాయి. అప్పుడు భయపడినవారిని తప్పు పట్టలేము, చెప్పేవారే లేరు. ఎందుకు జాగ్రత్తపడాలో, ఎంతవరకు పడాలో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. మళ్ళీ అదే విధంగా తలుపులు వేసుకోవలసిన అవసరం లేదు.

ప్రశ్న: మా పాఠశాలలో ఆ సాయంత్రం పిల్లలకు పాక్షిక గ్రహణం చూపించాలనుకుంటున్నాము. రెండు వందల మందికి కళ్ళద్దాలు కొనే స్తోమత లేదు. గ్రహణ సమయంలో రోకలి నిటారుగా నిలబడుతుందని ఊరివాళ్ళు అంటారు, దానికి ఏమని చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: రోకలి సంగతి పిల్లల చేతికే వదిలేయండి. గ్రహణానికి వారం ముందు ఒక రోకలి తెప్పించి, చదునైన అడుగు గల పళ్ళెంలో నిలబెట్టమనండి. అడుగు భాగం సమంగా ఉండి, ఓపికగా సరిచూసుకుంటే అది ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం నాడు మళ్ళీ నిలబెట్టి చూపిస్తే మీరు ఉపన్యాసం చెప్పనవసరం ఉండదు.

ఆ సాయంత్రం మన దగ్గర సూర్యబింబంలో కొద్ది భాగమే మూసుకుంటుంది. పిల్లలు పెద్ద చీకటి వస్తుందని ఆశపడి నిరాశపడకుండా ముందే చెప్పండి. సూర్యుడు పడమటికి వాలి ఎండ మెత్తబడినా నేరుగా చూడడం మాత్రం తప్పే. కళ్ళద్దాలు లేకుండా చూపించడానికి అద్దం పద్ధతి అన్నిటికన్నా మంచిది. చిన్న ముఖం చూసుకునే అద్దానికి నల్ల కాగితం అంటించి, మధ్యలో అర సెంటీమీటరు చిల్లు చేయండి. ఆ అద్దాన్ని ఆవరణలో ఎండ పడే చోట కుర్చీ మీద బిగించి, దాని ప్రతిఫలనం చీకటిగా ఉన్న తరగతి గది గోడ మీద పడేలా తిప్పండి. గోడ ఎంత దూరంలో ఉంటే బింబం అంత పెద్దది: పది మీటర్ల దూరానికి ఇంచుమించు తొమ్మిది సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు, మూసుకున్న అంచు అందులో తేటగా కనిపిస్తుంది. ఇంకా తేలిక కావాలంటే వంటశాల నుంచి బూందీ గరిటె తెచ్చి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, దాని నీడను తెల్ల కాగితం మీద పడనివ్వండి. ప్రతి చిల్లుకూ ఒక చిన్న గ్రహణ సూర్యుడు పడతాడు. గరిటె చిల్లులోంచి సూర్యుడిని చూడబోయే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు, అద్దం దగ్గర తల పెట్టేవాడు మరొకడు ఉంటాడు. అందుచేత ఆ రెండు చోట్లా ఒక్కొక్క పెద్దవారు నిలబడి ఉండాలి.

మబ్బు పట్టే రోజులు కాబట్టి, కనిపించకపోతే పిల్లలకు చెప్పడానికి మన ప్రాంతపు కథే ఒకటి ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పియెర్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటంగా, అంటే రంగుల పట్టీగా, విడదీసి చూశాడు. గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని తోచి, మర్నాడు ఉదయం గుంటూరులోనే చూసి నిరూపించాడు. ఆ గ్రహణపు వర్ణపటాల్లో కనిపించిన ఒక పసుపు గీత తర్వాత హీలియం అనే మూలకానికి ఆనవాలయింది. అదే రోజున మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోనూ, ఆ వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ గ్రహణ పరిశీలనలో ఉన్నారు.

ప్రశ్న: విదేశాలకు వెళ్ళలేనివాళ్ళం. మన దేశంలో మళ్ళీ సంపూర్ణ సూర్యగ్రహణం ఎప్పుడు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 2034 మార్చి 20న. అయితే అది దేశంలో ఉత్తరపు కొసన, కార్గిల్ పరిసరాల్లో మాత్రమే సంపూర్ణంగా కనిపిస్తుంది. మార్చిలో అక్కడ ఇంకా మంచు ఉంటుంది, శ్రీనగర్ నుంచి వెళ్ళే జోజిలా కనుమ దారి ఆ నెలలో మూసి ఉండవచ్చు. పైగా గ్రహణం సాయంత్రం, సూర్యుడు పడమటికి బాగా వాలినప్పుడు వస్తుంది. కొండల నడుమ లోయలో నిలబడితే సూర్యుడు ముందే శిఖరం వెనక్కి పోతాడు. వెళ్ళదలచినవారు అంతకు ముందు ఏడాది అదే తేదీన, అదే సమయానికి అక్కడ సూర్యుడు ఏ కొండ మీద ఉంటాడో స్థానికుల చేత ఫొటో తీయించి తెప్పించుకుని, పడమర దిక్కు తెరిపిగా ఉన్న చోటు చూసుకోవాలి.